రోబో కవచానికి ఏది మేలు: అట్టా, థర్మాకోలా, ఫోమా?

నెల్లూరు, ఒంగోలు పిల్లలకు రోబో వేషమో, వ్యోమగామి వేషమో కావాల్సొచ్చేది ఎక్కువగా అక్టోబరు 4–10 ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలకు, కాదంటే నవంబరు 14కు. రెండూ మన ముసురు రోజులే. అందుకే ఏ షీటు కొనాలా అని కాకుండా, ఏ గమ్ము నిలుస్తుందా అని ముందు చూసుకోవాలి. వేషాలు ఊడిపోయేది ఎక్కువగా అక్కడే.

కిరాణా కొట్లో అడిగితే అట్టపెట్టె ఊరికే ఇస్తారు. పదేళ్ల పిల్లలకు మూడు పొరల అట్ట చాలు, అయిదు పొరలది ఒంటికి వంగదు. అట్ట లోపలి గాళ్లు నిలువుగా ఉండేలా కత్తిరించి, బల్ల అంచుకు అదిమి లాగితే ఛాతీ చుట్టూ చక్కగా తిరుగుతుంది. గాళ్లు అడ్డంగా వచ్చాయా, పొట్ట దగ్గర మడత పడి విరుగుతుంది. తేమ ముందుగా ఎక్కేది కోసిన అంచుల్లోంచే. వాటికి పేపరు పట్టీలు అంటించి, తెల్ల ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి రెండు వైపులా పూయాలి. ఒక వైపే పూస్తే ఆరేసరికి అట్ట వంకర పోతుంది.

థర్మాకోల్‌కు మన దగ్గర కొదవలేదు, రొయ్యలు, చేపలు ఐసులో పెట్టి పంపే పెట్టెలన్నీ అవే. కానీ కడిగి రెండు రోజులు గాలికి పెట్టినా నీచు వాసన పూర్తిగా పోదు, తలకు పెట్టుకునే వాటికి వద్దు. భుజాల దగ్గర పూసలు పూసలుగా రాలుతుంది కూడా. అసలు చిక్కు రంగుతో: వెండి స్ప్రే కొట్టగానే పైభాగం గుంటలు పడి కరిగిపోతుంది, ఎందుకంటే స్ప్రేలోని ద్రావకం థర్మాకోల్‌ను తినేస్తుంది. పసుపు రబ్బరు గమ్మూ అంతే. తెల్ల ఫెవికాల్‌తో రెండు వరసలు పేపరు అంటించి, బ్రష్‌తో అక్రిలిక్ రంగు వేయడమే దారి. ఇంత చాకిరీ వీపు మీది ఆక్సిజన్ ట్యాంకు వరకైతే సరే, తేలిక కాబట్టి.

పిల్లలు ఆడుకునే పజిల్ మ్యాట్ల ఫోము, 10 మిల్లీమీటర్లది, కాస్త ఖర్చయినా ముసురుకు చెక్కు చెదరదు. యోగా మ్యాట్ కొనబోతే చూసుకోండి: కొన్ని మరీ మెత్తన, వేడి చేసి వంచినా ఆకారం నిలవదు. పనికొచ్చే ఫోముకు హీట్ గన్ (బాగా వేడి గాలి ఊదే పనిముట్టు) వేడి తగిలితే పైరంధ్రాలు మూసుకుని సన్నగా మెరుస్తుంది, అప్పుడు వంచి చల్లారేదాకా పట్టుకోవాలి. మందం వల్ల కోయడానికి ఓపిక కావాలి. కట్టరు బ్లేడు మొద్దుబారితే అంచు చిరుగుతుంది, కొన విరిచి కొత్త మొన తీసుకోండి.

ఫోముకు మాత్రం పసుపు రబ్బరు గమ్మే. రెండు ముక్కలకూ పలచగా పూసి, వేలికి అంటని స్థితికి వచ్చాక, అంటే సుమారు 10 నిమిషాలకు, ఒక్కసారే అదమాలి, తర్వాత జరపడం కుదరదు. ముసురు రోజున ద్రావకం ఆరుతుంటే గమ్ము చల్లబడి, దాని మీద గాలిలోని తేమ చేరుతుంది. తెల్లగా మబ్బు కమ్మినట్టు కనిపిస్తే ఆ అతుకు నిలవదు, అది ఆరాక ఇంకో పూత వేయాలి. కిటికీలు తెరవండి, పొయ్యి దగ్గర వద్దు. రంగుకు ముందు ఫెవికాల్ మూడు పూతలు పడకపోతే ఫోము రంగును పీల్చేస్తుంది, వంచినచోట పగుళ్లిస్తుంది.

ఒక్క పూట స్టేజీకైతే అట్టే మేలు, దాచుకుని తమ్ముడికీ వాడాలంటే ఫోము. మూడూ కలపాలనుకుంటే ఒక జాగ్రత్త: థర్మాకోల్ ట్యాంకును ఫోము వీపుకు ఫెవికాల్‌తో అంటించకండి. అది ఆరాలంటే లోపలి నీరు ఏదో ఒక వైపుకి ఇంకాలి, ఈ రెండూ నీరు పీల్చవు, వారమైనా మధ్యలో తడిగానే ఉంటుంది. రబ్బరు గమ్ము, గ్లూ గన్ వేడి థర్మాకోల్‌ను కరిగిస్తాయి. వీపు ముక్కకు నాలుగు చీలికలు కోసి, అంగుళం ఎలాస్టిక్ దూర్చి ట్యాంకును కట్టేయండి.