నర్సాపురంలో మావాడి ఫిజిక్స్ ట్యూషన్ ఎలా ఉందంటే

పేరు ఎందుకులెండి గానీ, తొమ్మిది, పది పిల్లలకి సాయంత్రం చెప్పే ట్యూషన్ ఇది. మాస్టారు సూత్రాలు బోర్డు మీద రాసేసి బట్టీ పట్టమనే రకం కాదు. జడత్వం (కదిలేది కదులుతూనే, ఆగింది ఆగే ఉండాలనే గుణం) చెప్పడానికి సఖినేటిపల్లి పంటునే, అంటే మనుషుల్ని ఏరు దాటించే పెద్ద పడవనే తీసుకున్నారు. పంటు కుదుపు లేకుండా ఒకే వేగంతో వశిష్ఠ గోదావరి దాటుతుంటే నిమ్మకాయ నిట్టనిలువుగా ఎగరేసినా వెనక్కి పోదు, మళ్లీ చేతిలోనే పడుతుంది, ఎందుకంటే పంటుకున్న వేగం కాయకీ ఉంది. అదే పంటు రేవుకి తగిలి ఆగిందా, నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి ముందుకి తూలతారు. గెలీలియో 1632లోనే ఓడ గది ఉదాహరణతో ఇదే సంగతి చెప్పాడని కూడా కలిపారు.

మావాడైతే ఇంటికొచ్చి నాకే క్లాసు పీకాడు: 25 కిలోల బియ్యం బస్తా చంద్రుడి మీదా 25 కిలోలేనట, అందులో ఉన్న పదార్థం (ద్రవ్యరాశి) మారదు కాబట్టి; బరువు, అంటే కిందికి లాగే బలం మాత్రం ఇక్కడ సుమారు 245 న్యూటన్లు, అక్కడ 40. మోసేది నేను కదా, వెంటనే ఎక్కేసింది.

ఇక ఐన్‌స్టీన్ 1905 నాటి సాపేక్షత సిద్ధాంతం దగ్గర హడావిడి చేసేశారు. పంటు మీద నడిచేవాడి వేగం పంటు వేగానికి కలుపుకోవచ్చు, టార్చి వెలుగుకి మాత్రం అలా కలపకూడదు, ఎవరు కొలిచినా సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లే అన్నారు, ఎందుకో చెప్పలేదు. సిలబస్‌లో లేదు కాబట్టి వదిలేద్దాం.

అసలు ఇబ్బంది లెక్కలతో. వేగం-కాలం గ్రాఫులు చాలా తక్కువ చేయిస్తారు, పరీక్షలప్పుడు టెన్షన్ మాకు. గది ఇరుకు, కరెంటు పోతే ఉక్కపోతే. ఫీజు పర్లేదు. కాన్సెప్టు కోసమైతే పంపండి, ఎంట్రన్స్ కోచింగ్ కావాలంటే వేరేచోట చూసుకోండి.