టీవీ గేమ్ పెట్టెలో గిటార్ ఫజ్ పెడల్: మూడు నెలల వాడకం తర్వాత

మా ఇంట్లో అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న టీవీ వీడియో గేమ్ పెట్టెను కర్నూలులో, కొండారెడ్డి బురుజుకు కొద్ది దూరంలో ఎలక్ట్రానిక్స్ మరమ్మతులు చేసే ఒక చిన్న దుకాణంలో ఇచ్చి, గిటార్‌కు ఫజ్ పెడల్‌గా మార్పించుకున్నాను. కాలితో నొక్కితే గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే పెట్టెనే ఫజ్ పెడల్ అంటారు. గేమ్ చిప్పు నల్లటి బంక ముద్ద కింద ఉండడంతో బోర్డు దేనికీ పనికిరాలేదు. అందువల్ల పెట్టె, పవర్ సాకెట్, ఎర్ర లైటు మాత్రమే పాతవి. క్యాసెట్ పెట్టే గాడిలో ఇప్పుడు 9 వోల్టుల బ్యాటరీ కూర్చుంటుంది. దాన్ని మార్చేటప్పుడు చిన్ననాటి అలవాటు కొద్దీ ఒకసారి ఊది మరీ పెడుతున్నాను.

సర్క్యూట్ 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ తరహాలో రెండు ట్రాన్సిస్టర్లతో నడుస్తుంది. తొలినాటి జెర్మేనియం రకానికి బదులు ఎక్కడైనా దొరికే బీసీ 547 సిలికాన్ రకం వేశారు. వేడికి జెర్మేనియంలో కరెంటు లీకేజీ పెరిగి ధ్వని మారిపోతుంది కనుక, మన ఊరి ఎండలకు ఇదే మేలు. ఒక్క తీగ మీటితే శబ్దం చిక్కగా, రంపం కోసినట్టు వస్తుంది. రెండు తీగలకూ ఫరవాలేదు. అన్ని తీగలూ కలిపి పూర్తి కార్డ్ వాయిస్తే మాత్రం అంతా ముద్దయిపోతుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే గరుకుదనం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పాత గేముల్లో పాటను మోసేది చదునైన అంచులున్న పల్స్ తరంగం. ఫజ్ చేసేది కూడా తీగ తరంగపు కొనలను నరికి చదును చేయడమే కాబట్టి, గేమ్ చిప్పే మోగుతోందని విన్నవారు పొరబడుతున్నారు.

అసలు ఇబ్బంది పెట్టెతోనే వచ్చింది. ఆదివారం చర్చిలో తగిలించగానే పాటకంటే ముందు గుయ్యిమనే హమ్ స్పీకర్లలో వినిపించింది. పైగా కాలి స్విచ్‌గా పెట్టిన రీసెట్ బటన్, వేలితో నొక్కడానికి చేసినది కావడంతో, వారానికే లోపలికి దిగబడింది. తిరిగి తీసుకెళితే, "ప్లాస్టిక్ డబ్బా గదా సార్, హమ్ముకు అడ్డమేముంటాది?" అని దుకాణం ఆయన వాదనకు దిగకుండా లోపలంతా రాగి టేపు అంటించి గ్రౌండుకు కలిపారు, పైన అల్యూమినియం రేకు వేసి, తొమ్మిది పిన్నుల కాలి స్విచ్ బిగించారు. ఇప్పుడు బ్యాటరీ మీద హమ్ దాదాపు లేదు, పాత గేమ్ అడాప్టర్ పెడితే ఇంకా ఉంది.

మొత్తం 1,900 రూపాయలు తీసుకున్నారు. రెండోసారి చేసిన పనికి విడిగా అడగలేదు. మామూలు రేకు డబ్బా తెచ్చి ఉంటే ఇంకో 500 రూపాయలు తక్కువకే, ఒక్కసారికే పని అయ్యేదని డబ్బు లెక్కపెట్టుకుంటూ ఆయనే చెప్పారు.