ఉదయగిరి వానలో నా 2,799 రూపాయల వాటర్‌ప్రూఫ్ షూస్

ముందే చెప్తున్నా, ఇవి చెడ్డ షూస్ కావు. వానలో కొండెక్కడానికని కొనేటట్టయితే మాత్రం ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

నెల్లూరులో ఒక షోరూంలో తీసుకున్నా, కంపెనీ పేరు వద్దులే. చీలమండ దాకా వస్తాయి, లోపల నీళ్ళు దిగని పొర ఉందని డబ్బా మీద రాసుంది. సేల్స్ కుర్రాడు మగ్గుతో నీళ్ళు తెచ్చి షూ మీద పోసి మరీ చూపించాడు, తామరాకు మీద పోసినట్టు జారిపోయాయి. అక్కడే పడిపోయాన్నేను.

కార్తీకంలో ఒక ఆదివారం బావా నేనూ తెల్లారక ముందే బండి మీద బయల్దేరి, ఆత్మకూరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు పోయి ఉదయగిరిలో టీ తాగి దుర్గం ఎక్కడం మొదలుపెట్టాం. మా జిల్లాకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే కదా, జల్లు కురవడం, ఆగడం, మళ్ళీ కురవడం. కొండ పైభాగం సముద్రమట్టానికి 3,079 అడుగులు, కొన్నిచోట్ల గోడ కట్టినట్టు నిలువు బండ. 1513లో ముట్టడి వేసిన కృష్ణదేవరాయలు 1514 దాకా కింద కూర్చోవాల్సి వచ్చిందంటే ఊరికే కాదు.

మొదటి గంట షూస్ బ్రహ్మాండం. ముందు భాగం గట్టిగా ఉండబట్టి రాయికి రెండుసార్లు తన్నుకున్నా వేళ్ళకి ఏం కాలేదు, బురదలో సోల్ గాట్లు బాగా పట్టాయి. జల్లు కూడా పైనుంచి జారిపోతానే ఉంది. బావ వేసుకున్నవేమో పాత కాన్వాస్ షూస్, బొటనవేలు దగ్గర చిరుగు. వాటిని చూసి నేను నవ్వాను కూడా.

తర్వాత ఒక కోట గోడ దాటి పక్క శిఖరం వైపు తిరిగాం, అక్కడంతా మోకాలెత్తు తడిగడ్డి. గడ్డి మీది నీళ్ళు ప్యాంటుకి, ప్యాంటు నుంచి సాక్సుకి, సాక్సు నుంచి తిన్నగా షూ లోపలికి. బయటి నీళ్ళని లోపలికి రానివ్వని ఆ పొర, లోపల పడ్డ నీళ్ళని బయటికీ పోనివ్వదు, అది డబ్బా మీద రాయలేదు మరి. అడుగు వేస్తే పిచిక్ పిచిక్‌మని శబ్దం. బండ మీద కూర్చుని కుడి షూ విప్పి బోర్లిస్తే టీ గ్లాసుడు నీళ్ళు పోయాయి, గడ్డి గింజలతో సహా. బావ షూస్‌లోకి నీళ్ళు ఎంత తొందరగా వస్తున్నాయో అంత తొందరగా పోతున్నాయి.

అసలు టెన్షన్ పాచి పట్టిన బండల మీద. లోతు గాట్ల సోల్ బురదకి మంచిదే గానీ, నున్నటి తడిబండ మీద రాయికి ఆనే రబ్బరు తక్కువ, దానికి తోడు ఈ రబ్బరు గట్టిది. గోరుతో నొక్కినా సొట్ట పడటం లేదు. మూడో శిఖరం దిగేటప్పుడు రెండుసార్లు కూలబడ్డా, ఒకసారి మోచెయ్యి గీరుకుపోయింది. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన నిలబడి చూసి, "యో సామీ, ఆ బూట్లు ఇప్పి చేత బట్టుకోండి, నడవొచ్చు" అన్నాడు. ముళ్ళకి భయపడి విప్పలేదు గానీ, ఆయన మాట వినుంటే మోచెయ్యి మిగిలేది.

పైన పాత మసీదు దగ్గర కాసేపు మబ్బు విడిస్తే కింద ఊరంతా కనిపించింది, అందుకోసం మళ్ళీ పోతా. ఈ షూస్‌తో మాత్రం కాదు.

ఇంకో చిన్న ఫిర్యాదు, లేసులు. గుండ్రటి నున్నటి లేసులు, తడిస్తే ముడి నిలవదు. రెండు ముళ్ళు వేసినా ఊడుతున్నాయి. చదునువి 30 రూపాయలకి దొరికాయి, మార్చేశా.

ఇంటికొచ్చాక పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద పెడితే ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఎండలో పెట్టకండి, జిగురు వదిలేస్తుంది. షోరూంకి తీసుకుపోతే, వాడేశారు కదా సార్ అని వాపసు తీసుకోలేదు.

ఎండాకాలం పొడి కొండకీ, పొలం గట్లకీ, పొద్దున వాకింగ్‌కీ అయితే 5కి 4 ఇస్తా. వానలో బండలకి 5కి 2, అదీ ఆ ముందు భాగం కాపాడినందుకు. కొనాలనుకుంటే సోల్‌ని గోరుతో నొక్కి చూడండి, మందం సాక్సు వేసుకుని పోయి సైజు చూసుకోండి, మగ్గు నీళ్ళు మాత్రం చూడొద్దు.

నాలుగో రోజు బావ ఫోన్ చేసి వచ్చే ఆదివారం భైరవకోన పోదామా అన్నాడు. ఆ కాన్వాస్‌వి ఎక్కడ కొన్నావో ముందు చెప్పు బావా అన్నా.