పిల్లల్ని సైన్సు కోచింగ్‌లో చేర్చే ముందు ఇది చదవండి (7వ తరగతి, నిజాంపేట వైపు)

హైదరాబాద్‌లో నిజాంపేట, ప్రగతినగర్ చుట్టుపక్కల ఉన్న తల్లిదండ్రులకు. "చేసి నేర్చుకునే సైన్సు" అని ప్రతి అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గరా కాగితం అంటించిన ఆ కోచింగ్ సెంటర్ ఏదో మీకు తెలుసు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. 6, 7, 8 తరగతులకు కొత్త బ్యాచ్ మొదలవుతోందని నిన్న మళ్లీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. డబ్బు కట్టకండి. ఆ మెసేజ్ చూశాకే కూర్చుని ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి సీబీఎస్ఈ స్కూల్లో 7వ తరగతి. వాళ్ల స్కూల్లో సైన్సుకు రాతపరీక్ష 80 మార్కులు, మిగతా 20 నోట్సుకీ యాక్టివిటీలకీ చిన్న టెస్టులకీ. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం 2025లో మారింది. దాదాపు ప్రతి పాఠంలోనూ ఏదో ఒకటి చేసి చూడమంటుంది. పసుపు కాగితం మీద సబ్బునీళ్లు వేసి చూడమంటుంది, ఎర్రగులాబీ రేకుల రసంలో నిమ్మరసం కలిపితే ఏమవుతుందో చూడమంటుంది, బ్యాటరీ, బల్బు, వైరు కలిపి సర్క్యూట్ కట్టమంటుంది. స్కూల్లో సెక్షన్‌కి 40 మందికి పైనే. అందరిచేతా అన్నీ చేయించే తీరిక టీచరుకు ఉండదు. ఆ లోటు ఎక్కడైనా తీరితే బాగుంటుందని చూస్తున్నప్పుడే ఈ కాగితం కనబడింది. ఏడాదికి 28,000 రూపాయలు, ల్యాబ్ ఫీజు 4,000 వేరే. మొత్తం ముందే కట్టించుకున్నారు.

అప్పుడు వాళ్లిచ్చిన కోర్సు షీటు ఇప్పుడు నా ముందే ఉంది. వారానికి మూడు క్లాసులు. నెలకు రెండు ల్యాబ్ క్లాసులు, ప్రతి పిల్లా తన చేత్తో ప్రయోగం చేయాలి. ప్రతి ప్రయోగానికీ రికార్డు. ఏడాదికి ఒక ప్రాజెక్టు, పిల్లలే సొంతంగా ఆలోచించి చేయాలి. పుస్తకంలోని 12 పాఠాలూ పూర్తి. పిల్లల నుంచి ఏం ఆశిస్తారో కూడా ముద్దుగా రాశారు: ప్రశ్నలు అడగాలి, గమనించింది రాసుకోవాలి, తప్పు వస్తే మళ్లీ చేసి చూడాలి. ఏ తల్లికైనా ఆ మూడు మాటలు చదివితే నమ్మకం కుదురుతుంది. డెమో క్లాసు కూడా బ్రహ్మాండంగా చేశారు. సీసాలో వెనిగర్ పోసి, బెలూన్‌లో వంటసోడా వేసి మూతికి తగిలించారు. సోడా లోపల పడగానే బెలూన్ ఉబ్బింది. పిల్లలందరూ కేకలు పెట్టారు.

ఆ తర్వాత మా పాప ఆ సెంటర్లో తన చేత్తో ఏ వస్తువూ ముట్టుకోలేదు.

ల్యాబ్ అని బోర్డు ఉన్న గదికి ఎప్పుడూ తాళమే. ఒకసారి తలుపు తీసి ఉంటే చూశాను. గోడ పొడవునా మెటీరియల్ పుస్తకాల అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు. బల్ల మీద డెమోలో వాడిన ఆ సీసా. క్లాసులో జరిగేది బిట్లు. ఫౌండేషన్ మెటీరియల్ అని ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. వారం వారం ఓఎంఆర్ షీటు మీద టెస్టు. అందులో 9వ తరగతిలో రావలసిన చలన సమీకరణాలు కూడా ఉన్నాయి. త్వరణం అంటే ఏమిటో చెప్పకుండానే ఫార్ములా ఇచ్చి, అంకెలు వేసి జవాబు తెమ్మంటారు. మా పాప జవాబులు తెచ్చింది కూడా. త్వరణం అంటే ఏమిటని అడిగితే మాత్రం చెప్పలేకపోయింది. స్కూలు పుస్తకంలో ఉన్న పాఠం స్కూల్లో మళ్లీ మొదటినుంచి చదువుకోవాల్సి వచ్చింది.

కౌమారదశ పాఠం అసలు చెప్పలేదు. "అది ఇంటి దగ్గర మీరే చదివించుకోండి" అని గ్రూపులో ఒక్క ముక్క పెట్టి తర్వాతి పాఠానికి వెళ్లిపోయారు. 12 ఏళ్ల పిల్లలకు ఆ ఏడాది మొత్తంలో అన్నిటికంటే అవసరమైన పాఠం అది. శరీరంలో వచ్చే మార్పులు, నెలసరి, శుభ్రత, తినాల్సిన తిండి, మత్తుపదార్థాలకు దూరంగా ఉండటం, ఇవన్నీ సైన్సు టీచరు నోటితో తిన్నగా, సిగ్గుపడకుండా చెప్తే పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. బ్యాచ్‌లో మగపిల్లలకూ అది తెలియాలి. కోర్సు షీటులో 12 పాఠాలకూ డబ్బు తీసుకుని ఇదొక్కటి వదిలేయడం ఏ లెక్కలో న్యాయం?

ఇవన్నీ భరించాను. రికార్డు దగ్గర మాత్రం భరించలేకపోయాను.

రికార్డు అంటే అచ్చువేసిన పుస్తకం. ప్రయోగం పేరు, కావలసిన వస్తువులు, పట్టిక అన్నీ ముందే ఉంటాయి, అంకెలు నింపాలి. ల్యాబ్ లేదు కాబట్టి ఆ అంకెలు సార్ బోర్డు మీద రాస్తారు, పిల్లలు దించుకుంటారు. కాలం, చలనం పాఠంలో లోలకం ప్రయోగం వచ్చింది. సార్ ఏవో అంకెలు రాసిన రోజు మా పాప జ్వరంతో వెళ్లలేదు. తర్వాత ఇంట్లో తనే చేసింది. దారానికి తాళంకప్ప కట్టి, కిటికీ గ్రిల్లుకు వేలాడదీసింది. మా కిటికీ ఎత్తుకు దారం 50 సెంటీమీటర్లే కుదిరింది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, 10 సార్లు ఊగడానికి ఎంత పడుతుందో కొలిచింది. మూడుసార్లు చేసింది: 14.1, 14.3, 14.2 సెకన్లు. సగటు 14.2 అని రాసి, పైన "దారం పొడవు 50 సెం.మీ." అని కూడా రాసింది. చెప్పకుండానే పొడవు రాయాలని దానికి తట్టింది చూడండి, నాకు ఎంత సంతోషం వేసిందో.

రికార్డు తిరిగొచ్చింది. 14.2 మీద ఎర్రపెన్నుతో కొట్టేసి 20 అని రాసి ఉంది. పక్కన "రాంగ్ రీడింగ్". 10కి 3 మార్కులు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. లోలకం ఒకసారి అటూఇటూ ఊగి మొదటి చోటికి రావడానికి పట్టే సమయం దారం పొడవు మీద ఆధారపడి ఉంటుంది. కట్టిన వస్తువు బరువు మీద కాదు. మీటరు దారమైతే ఒక ఊపుకు దాదాపు 2 సెకన్లు, 10 ఊపులకు 20. దారం సగం చేస్తే సమయం సగం కాదు, పొడవు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. 50 సెంటీమీటర్లకు లెక్క కడితే 10 ఊపులకు 14.2 సెకన్లే వస్తుంది. ఎర్రపెన్నుతో కొట్టేసింది సరైన జవాబు. సార్ దగ్గరున్న జవాబుల కీలో 20 అనేది మీటరు దారానిది. ఆ రాత్రే మంచం మీద నిలబడి ఫ్యాన్ పక్క కొక్కేనికి మీటరు దారం కట్టి చూశాం. 20 వచ్చింది. రెండూ నిజమేనని పాప తనంతట తను చూసుకుంది.

రికార్డు తీసుకుని సెంటర్‌కు వెళ్లాను. పాప కూడా వస్తానంది, ఎలా వచ్చిందో తనే చూపిస్తానంది. దారం, తాళంకప్ప, స్కేలు బ్యాగులో పెట్టుకుంది. సార్ "కీలో 20 ఉంది మేడమ్, నేను కీ చూసే దిద్దుతాను" అన్నారు. "పొడవు 50 అని పైన రాసింది కదా సార్, ఒక్కసారి చూడండి" అన్నాను. పేజీ వైపు కూడా చూడలేదు. డైరెక్టర్‌తో మాట్లాడుకోమన్నారు.

డైరెక్టర్ గదిలో ఇంకో ఇద్దరు తల్లిదండ్రులు ఉన్నారు, కొత్తగా చేర్చడానికి వచ్చినవాళ్లు. వాళ్ల ముందే అన్నాడు: "మేడమ్, రికార్డు ఎక్కడైనా చూసి రాసేదే. దీనికింత రాద్ధాంతం ఎందుకు?" కోర్సు షీటు తీసి చూపించాను, ప్రతి పిల్లా తన చేత్తో చేయాలని మీరే రాశారు కదా అన్నాను. దానికి జవాబు లేదు. పాప వైపు తిరిగాడు. "నువ్వేమన్నా సైంటిస్టువా? సొంత అంకెలు రాస్తే మార్కులు పోతాయి. సార్ ఇచ్చింది రాసుకో" అన్నాడు. అప్పటికి పాప బ్యాగులోంచి దారం బయటకు తీసింది. "అవన్నీ ఇంటిదగ్గర ఆడుకో" అన్నాడు. అది దారాన్ని మళ్లీ లోపల పెట్టేసుకుంది. ఆ గదిలో ఇంక ఒక్క మాట మాట్లాడలేదు.

బండి మీద వస్తుంటే వెనకనుంచి అడిగింది, "అమ్మా, 20 అని మార్చి రాసెయ్యనా?" అని.

డబ్బు పోయినందుకు ఇంత కోపం లేదు నాకు. ఆ ప్రశ్న నా కూతురి నోట్లోంచి వచ్చేలా చేశారు, అందుకు. చూసింది చూసినట్టు రాయడం, రాసినదాన్ని మళ్లీ చేసి సరిచూసుకోవడం, ఇంతకంటే 7వ తరగతి సైన్సులో నేర్పాల్సింది ఏముంది? చలన సమీకరణాలు 9వ తరగతిలో ఎలాగూ వస్తాయి. నిజంగా కొలిచిన అంకెను కొట్టేసి, కొలవని అంకె రాస్తే మార్కులిస్తామని ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని చెప్తే, ఆ వయసు పిల్ల దాన్నే పట్టుకుంటుంది. మార్చవద్దని చెప్పాను. ఆ పేజీ అలాగే ఉంది. స్కూల్లో సైన్సు టీచరుకు చూపిస్తే ఆవిడ క్లాసులో అందరిచేతా వేర్వేరు పొడవుల దారాలతో చేయించారు. 40 మంది ఉన్నా చేయించారు.

ప్రాజెక్టు సంగతి కూడా చెప్పాలి. పిల్లలే సొంతంగా చేస్తారన్న ఆ ప్రాజెక్టుకు 1,500 అదనంగా అడిగారు. ఇచ్చింది రెడీమేడ్ మోడల్, పైన పిల్లల పేరు చీటీ అంటించి ఫొటోలు తీసి తమ పేజీలో పెట్టుకున్నారు. బ్యాచ్‌లో చాలామందికి అదే మోడల్. అందులో ఉన్నది చిన్న మోటారు, బ్యాటరీ, స్విచ్చు, థర్మాకోల్. కోఠి గుజరాతీ గల్లీకి పిల్లల్ని తీసుకెళ్తే ఆ వస్తువులన్నీ విడిగా తక్కువలోనే దొరుకుతాయి, పైగా ఏది ఏమిటో చేత్తో పట్టుకుని చూస్తారు.

మానిపిస్తున్నాం, మిగిలిన నెలల ఫీజు ఇవ్వండి అని రాసిచ్చాను. రసీదు వెనక సన్న అక్షరాల్లో ఫీజు తిరిగివ్వబడదని ఉందట. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం ఫీజు కట్టిన పిల్లలు మధ్యలో మానేస్తే, మిగిలిన కాలానికి లెక్కగట్టి 10 రోజుల్లోగా తిరిగివ్వాలని అందులో ఉంది. అసలు 16 ఏళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదనీ, తప్పుదారి పట్టించే హామీలు ఇవ్వకూడదనీ కూడా ఉంది. వాటిని అమల్లోకి తేవాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలు. డైరెక్టర్‌కు ఈ మాట చెప్తే "అవి పెద్ద కోచింగులకు మేడమ్, మాది ట్యూషన్" అన్నాడు. లిఫ్టు దగ్గర అంటించిన కాగితం మీద కోచింగ్ సెంటర్ అనే ఉంది. దాని ఫొటో తీసి పెట్టుకున్నాను.

1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, నంబరు వచ్చింది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫిర్యాదుకు ఫీజు ఉండదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు.

చేర్చాలనుకునేవాళ్లు డెమో చూసి కట్టకండి. మామూలు రోజున, చెప్పకుండా వెళ్లి ల్యాబ్ తాళం తీయించండి. పాత బ్యాచ్ పిల్లల రికార్డులు రెండు అడిగి పక్కపక్కన పెట్టి చూడండి, రెండింట్లో అంకెలు అన్నీ ఒకేలా ఉంటే ఆ ప్రయోగం ఎవరూ చేయలేదని అర్థం. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, నెలనెలా కడతామనండి. కోర్సు షీటు మీద సంతకం, స్టాంపు వేయించుకోండి.

మా పాప బ్యాచ్‌లో పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రికార్డు పేజీలు, ఫీజు రసీదు రెండువైపులా, కోర్సు షీటు ఫొటోలు తీసి ఉంచండి, రికార్డులు వెనక్కి ఇచ్చేయకండి. ఏడాది చివర మార్కులు వేయడానికని తీసుకుని తిరిగివ్వడం లేదని ఇద్దరు ముగ్గురు చెప్పారు. కలిసి ఫిర్యాదు చేద్దామనుకునేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి.