పాత మియాటాలో క్లచ్ రకం ఎల్‌ఎస్‌డీ: ఒక సమీక్ష

1994కు ముందు అమెరికాలో అమ్ముడైన 1.6 లీటర్ల మాజ్డా మియాటా స్పోర్ట్స్ కారులో, ఎల్‌ఎస్‌డీ (రెండు వెనుక చక్రాల వేగాల మధ్య తేడాను అదుపులో ఉంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉన్న చోట, అది చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ రకం. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి సిలికాన్ ద్రవం పట్టు సడలుతుంది. దాని స్థానంలో నేను జపాన్ తయారీ పలకల ఒరిపిడితో పట్టు ఇచ్చే 1.5-వే క్లచ్ యూనిట్‌ను బిగించుకున్నాను. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు రెండు వెనుక చక్రాలనూ గట్టిగానూ, వదిలినప్పుడు కొంత మెత్తగానూ కలిపి ఉంచడం దీని స్వభావం కనుక, మలుపు మధ్యలో లోపలి చక్రం ఊరికే తిరిగిపోయే బెడద బాగా తగ్గింది.

అయితే బిగింపు ఇంటి పని కాదు. బేరింగుల ప్రీలోడ్‌నూ (ముందుగా ఇచ్చే బిగువు), డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరైన క్రౌన్ వీల్ బ్యాక్‌లాష్‌నూ (పళ్ల మధ్య సందు) షిమ్ములనే పలుచటి రేకులతో సరిచేసి, పళ్లపై రంగు పూసి గేర్లు ఒకదానికొకటి తాకే అచ్చు ఎక్కడ పడుతోందో చూసే మెకానిక్‌కే అప్పగించాలి. లేకుంటే కొత్త యూనిట్ ఎంత మంచిదైనా గేర్ల రొద తప్పదు. తర్వాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి క్లచ్ పలకలను ఒరిపిడికి అలవాటు చేసి, లోహపు పొడి కలిసిన ఆ ఆయిల్‌ను వెంటనే మార్చాలి.

పార్కింగ్‌లో వినిపించే టకటక శబ్దం ఈ రకానికి సహజమే. ఎల్‌ఎస్‌డీకి తగిన జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్‌తో అది కొంత తగ్గుతుంది, కానీ ఒరిపిడిని తగ్గించేందుకు ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ ఎక్కువైతే పట్టే పోతుంది. పలకల అరుగుదల తెలియాలంటే గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనుక చక్రాన్ని మాత్రమే పైకెత్తి, అది కదలడానికి పట్టే బలాన్ని టార్క్ రెంచ్‌తో కొలిచి, కొత్తలో రాసిపెట్టుకున్న అంకెతో పోల్చాలి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకైతే క్లచ్ పలకలు లేకుండా గేర్లతోనే పనిచేసే టోర్సెన్ రకం ఎల్‌ఎస్‌డీనే సూచిస్తాను.