పాత వంటిల్లు మార్చాక: ఏళ్ల వాడకంలో ఏం నిలిచింది, ఏం ఊడింది

మార్చకముందు ఉన్నది పాతకాలపు వంటిల్లు. రాతి గట్టు, కింద తలుపుల్లేని అరలు, గోడకు ఒకే ట్యూబ్‌లైట్, రెండంటే రెండే ప్లగ్ పాయింట్లు. ఇప్పుడు కింద సొరుగులు, పైన అల్మారాలు, చిమ్నీ, పొయ్యి వైపు గ్రానైట్, ఎదురుగా క్వార్ట్జ్ గట్టు. కొత్తలో ఏదైనా బాగానే ఉంటుంది కాబట్టి ఆ ముచ్చట వదిలేసి, వాడి వాడి అరిగాక ఏది ఎలా ఉందో చెబుతాను. వంటింటిని ముసలిదాన్ని చేసేవి నీళ్లూ స్క్రూలూ. రంగూ డిజైనూ ఆ తర్వాతి సంగతి.

ముందుగా సింక్ కింది బాక్స్, అంటే గట్టు కింద తలుపులూ సొరుగులూ బిగించే చెక్క పెట్టె. మొత్తం వంటింట్లో మొదట చెడేది ఇదే. మా వంటింట్లో సింక్ బాక్స్ మాత్రం బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైవుడ్, మిగతావి లామినేట్ (పైన అతికించే పలుచని రంగు పొర) వేసిన పార్టికల్ బోర్డు. ప్లై చెక్కుచెదరలేదు. దాని పక్కనున్న పార్టికల్ బోర్డు బాక్స్‌కి కింది పలక ముందు అంచు ఉబ్బింది. పైన లామినేట్ శుభ్రంగానే ఉంది. అంచు దగ్గర వేలు పెట్టి చూస్తే 18 మిల్లీమీటర్ల పలక పొంగి, ఎడ్జ్ బ్యాండ్ (పలక అంచుకు అతికించే సన్నటి పట్టీ) పెదవిలా విచ్చుకుని కనిపిస్తుంది. పార్టికల్ బోర్డు అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక. ఒకసారి నీరు తాగితే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ పాత మందానికి రాదు. బీడబ్ల్యూపీ ప్లైలో ఉండేది ఫినాలిక్ జిగురు, అది తడికి విడిపోదు. ఎంఆర్ (తేమను ఓర్చే రకం) అని అమ్మే ప్లై గాలిలోని తేమను ఓర్చుకుంటుంది కానీ నిలిచిన నీటిని కాదు. ఖర్చు తగ్గించుకోవాలంటే పై అల్మారాల్లో తగ్గించుకోండి, సింక్ కిందా దానికి రెండు పక్కలా వద్దు.

ఆ నీరు పైపు పగిలి వచ్చింది కాదు. గట్టు మీద ఒలికిన నీరు అంచు దాటి, రాయి అడుగునే అంటుకుని లోపలికి పాకి, షట్టర్ (బాక్స్ తలుపు) వెనక్కి దిగుతుంది. దీనికి మందు రాయి అడుగున అంచుకు ఓ సెంటీమీటరు లోపల కోసే సన్నటి గాడి. నీటిచుక్క అక్కడే తెగి కింద పడిపోతుంది. గట్టు షట్టర్ కంటే కనీసం 2 సెంటీమీటర్లు ముందుకు ఉంటేనే ఆ గాడికి చోటు. రాయి బిగించాక ఈ గాడి కోయడం నరకం, కొలతలు ఇచ్చేటప్పుడే చెప్పాలి. సింక్ బాక్స్‌కి వెనక పలక వేయకుండా తెరిచి ఉంచడం మంచిది. ట్రాప్ (సింక్ కింది వంపు పైపు) దగ్గర నట్టు చెమర్చినా చేతికి అందుతుంది. బాక్సులన్నీ 10 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కాళ్ల మీద, ముందు ఊడదీయగల క్లిప్పుల స్కర్టింగ్‌తో (కాళ్లను కప్పే పట్టీతో) ఉండాలి. నేల కడిగినప్పుడు చెక్క తడవదు.

ఎడ్జ్ బ్యాండ్ గురించి ఇంకో మాట. షట్టర్లకు 2 మిల్లీమీటర్లది, లోపలి పలకలకు 0.8 సరిపోతుంది. మామూలు హాట్‌మెల్ట్ (కరిగించి పూసే) జిగురు వేడికి మెత్తబడుతుంది కాబట్టి ఓవెన్ పక్క షట్టర్లకు అంచులు ముందు లేస్తాయి. పీయూఆర్ (పాలీయురెథేన్) జిగురుతో అతికించినవి వేడికీ తడికీ బాగా నిలుస్తాయి. కంటికి కనబడదని బాక్స్ అడుగు అంచుకు బ్యాండ్ వేయకుండా వదిలేసే అలవాటు పనివాళ్లలో ఉంది. బిగించకముందే పలకను తిరగేసి నాలుగు అంచులూ తడిమి చూడండి.

పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసినవి సొరుగులు. కింద తలుపులూ అరలూ పెట్టించుకున్నవాళ్లు వెనక ఉన్న గిన్నె కోసం మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. సొరుగు పూర్తిగా బయటికి వస్తే పైనుంచి అంతా కనిపిస్తుంది. కానీ అది పూర్తిగా బయటికి వచ్చే రకం ఛానెల్ (సొరుగు జారే పట్టా) అయి ఉండాలి, మోయగల బరువు దాని మీద రాసి ఉండాలి. బరువైన పాత్రల సొరుగుకు 40 కిలోలకు తగ్గనిది తీసుకోండి. 90 సెంటీమీటర్ల వెడల్పు సొరుగుకు అడుగున 6 మిల్లీమీటర్ల పలక వేస్తే మధ్యలో కుంగి, ముందు పలకకు రాసుకుంటుంది. 12కి తగ్గొద్దు. పక్కల కనిపించే బాల్‌బేరింగ్ ఛానెళ్లలో పిండీ జిడ్డూ చేరి కొన్నాళ్లకు గరగరమంటాయి, ఏడాదికోసారి తుడవక తప్పదు. అడుగున దాగుండే ఛానెళ్లకు ఆ బాధ తక్కువ, ధర ఎక్కువ. తీగ బుట్టలకు నా ఓటు లేదు. చిన్న సామాను సందుల్లోంచి పడిపోతుంది, తుప్పు ముందుగా అతుకుల దగ్గరే మొదలవుతుంది.

మూలలో తిరిగే ట్రేలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పట్టే సామాను మాత్రం కొంచెమే. ఏ మూత జారి వెనక పడినా తిరగడం మానేస్తుంది. అరుదుగా వాడే వస్తువులకు మామూలు లోతైన అర చాలు. మూలకు రెండు వైపులా కనీసం 5 సెంటీమీటర్ల ఫిల్లర్ (ఖాళీని మూసే పట్టీ) వదలకపోతే ఒక సొరుగు లాగినప్పుడు పక్కదాని పిడికి తగిలి ఆగిపోతుంది.

హింజ్‌లు (తలుపు తిరిగే మడతబందులు) సాఫ్ట్‌క్లోజ్, అంటే మెల్లగా మూసుకునే రకం, అయినా కాలక్రమంలో షట్టర్ కాస్త వాలుతుంది. అది లోపం కాదు, హింజ్ మీద స్క్రూలు తిప్పితే పైకీ కిందకీ, పక్కకీ, లోపలికీ సర్దుకోవచ్చు. స్క్రూ రంధ్రమే వదులైతే ఎంత బిగించినా గిర్రున తిరుగుతుంది. అప్పుడు 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, జిగురు రాసిన గట్టిచెక్క మేకు దిగ్గొట్టి, ఒకరోజు ఆరనిచ్చి, అందులో కొత్తగా స్క్రూ వేస్తే నిలుస్తుంది. ఎత్తు 90 సెంటీమీటర్లు మించిన షట్టర్‌కు మూడో హింజ్ తప్పనిసరి.

గట్టు ఎత్తు విషయంలో 85, 90 సెంటీమీటర్లు అని అంకెలు పట్టుకు కూర్చోవద్దు. ఎక్కువగా వంట చేసే మనిషి మోచేయి మడిచి నిలబడితే, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందికి గట్టు రావాలి. సింక్‌లో చేయి ఇంకా లోతుకు దిగుతుంది కాబట్టి అదే ఎత్తులో పెట్టిన లోతైన సింక్ నడుముకు పరీక్షే. వీలుంటే సింక్ వైపు కొద్దిగా ఎత్తు పెంచండి.

గ్రానైట్ వేడి గిన్నెలకు భయపడలేదు. సీలర్ (రాయి నీటిని పీల్చకుండా పూసే పూత) పోయిందా లేదా అనేది ఒక నీటిచుక్క వేసి చూస్తే తెలుస్తుంది, పది నిమిషాల్లో కింద రాయి నల్లబడితే మళ్లీ పూయాలి. క్వార్ట్జ్‌కు సీలర్ అక్కర్లేదు, మరకలు తక్కువ. అయితే రాతిపొడిని రెజిన్‌ అనే ప్లాస్టిక్ జిగురుతో అతికించిన పలక అది. పొయ్యి మీంచి దించిన పాత్ర నేరుగా పెడితే పసుపు మచ్చ పడుతుంది, ఒక్కోసారి చీలుతుంది, ఎంత రుద్దినా పోదు. నేరుగా ఎండ పడే కిటికీ దగ్గరా వేయొద్దు. ఏ రాయికైనా సింక్ కోసం కోసే రంధ్రం మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల నుంచే బీట మొదలవుతుంది.

చిమ్నీ ఎంత గట్టిదైనా పైపే దాని ప్రాణం. 15 సెంటీమీటర్ల పైపు పెట్టమని ఉన్నచోట 10 పెడితే రొద పెరిగి పొగ తగ్గదు. ప్రతి వంపూ లాగే శక్తిని కోస్తుంది కాబట్టి చిమ్నీని బయటి గోడకు దగ్గరగా పెట్టాలి. పొయ్యికి ఎంత ఎత్తులో అనేది తయారీదారు పుస్తకంలో ఉంటుంది, 65 నుంచి 75 సెంటీమీటర్లు మామూలు. తలుపులూ కిటికీలూ బిగించి చిమ్నీ వేస్తే లోపలికి గాలి రాక పొగ గదిలోనే తిరుగుతుంది.

లైట్ల విషయంలో ఒక్కటే చెప్తాను. పై అల్మారాల అడుగున ఎల్‌ఈడీ పట్టీ గోడ వైపు పెడితే గోడే వెలుగుతుంది, కత్తి పడే చోటు చీకటిగా ఉంటుంది. ముందు అంచుకు దగ్గరగా, పాలరంగు కవరు ఉన్న అల్యూమినియం పట్టీలో పెట్టండి. డ్రైవర్ (పట్టీకి కరెంటు మార్చి ఇచ్చే చిన్న పెట్టె) చేతికి అందాలి, ముందు పోయేది అదే. ప్లగ్‌లు గట్టు మీద అనుకున్నదానికంటే రెండు ఎక్కువ వేయించి, ఓవెన్ లాంటివాటికి విడి లైను ఇవ్వండి.

అందం సంగతికొస్తే మ్యాట్ లామినేట్ వేలిముద్రలు దాచింది, మెరుపు షట్టర్లు గీతలన్నీ చూపించాయి. ఫాయిల్ (పలుచని ప్లాస్టిక్ పొర) అతికించిన షట్టర్లు పొయ్యి పక్కన ముడుచుకుని లేచాయి. తెరిచిన అరలు ఫొటోలకే, నూనె ఆవిరి వాటి మీద జిగటగా పేరుకుంటుంది. పొయ్యి వెనక టైల్స్‌కు ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ సందులు నింపే రెజిన్ ముద్ద) వేయించినచోట ఇప్పటికీ తెల్లగా ఉంది, సిమెంటు గ్రౌట్ గోధుమరంగుకు తిరిగింది.

పని వరుస: కూల్చడం, పైపులు, వైర్లు, నేల, గోడ టైల్స్, బాక్సులు, చివర రాయి. నేల టైల్స్ బాక్సుల కిందికి కూడా వెళ్లాలి. లేకపోతే తర్వాత నేల ఎత్తు పెరిగి డిష్‌వాషర్ బయటికి రాదు. రాయి కొలత బాక్సులు లెవెల్ చేసి బిగించాకే తీసుకోవాలి, డ్రాయింగు మీద కాదు. గోడలు మూయకముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసి దాచుకోండి. తర్వాత ఎక్కడ మేకు కొట్టాలన్నా పైపు ఎక్కడుందో అందులో కనిపిస్తుంది. మిగిలిన లామినేట్ ముక్కా, ఓ జత హింజ్‌లూ కూడా దాచిపెట్టండి, కొన్నేళ్లకు ఆ రంగు దొరకదు.