ఆరేళ్లుగా చూస్తున్న సినిమా: ‘మల్లేశం’లో ఆసు పోసే సీన్లు

2019లో వచ్చిన ‘మల్లేశం’ నేను ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. కథ అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ చెప్పను. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం జీవితం, ఆయన చేసిన ఆసు మిషన్ (చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పనినే ఆసు పోయడం అంటారు), ఆయన పాత్రలో ప్రియదర్శి. నేను ఈ సినిమాను మళ్లీ మళ్లీ పెట్టుకునేది మాత్రం హీరో కోసం కాదు. అమ్మగా వేసిన ఝాన్సీ ఆసు పోసే సీన్ల కోసం.

మాది గట్టుప్పల్ వైపు, చేనేత ఇల్లు. నాయిన మగ్గం మీద, అమ్మ ఆసు దగ్గర. చిటికి కట్టి, అంటే డిజైన్ కోసం దారాన్ని అక్కడక్కడా ముడివేసి, రంగు అద్దాలంటే ముందు పేక దారాన్ని (చీరలో అడ్డంగా పోయే దారాన్ని) ఆసు మీద పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రం లాగా వరుసగా మేకులు. దారాన్ని దాని నుంచి వీటికి, వీటి నుంచి దానికి చేత్తోనే తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి. నాలుగైదు గంటల పని. నాకు గుర్తున్నదల్లా సాయంత్రాలు. పొద్దుగూకే సరికి అమ్మ కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. చెల్లెకు జడ నాయిన వేసేవాడు. మిగతా ఇండ్లల్ల అమ్మలు జడలు వేస్తారని చెల్లెకు బడికి పోయేదాకా తెలియదు.

అందుకే థియేటర్లో ఆ తల్లి భుజం పట్టుకుని కూర్చున్న చోట నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. మన తెలుగు సినిమాల్లో మగ్గం చాలాసార్లు కనిపించింది, కానీ పాట వెనకాల అందం కోసం. ఆసును, అది పోసే ఆడమనిషి భుజాన్ని కథకు నడుమ పెట్టిన సినిమా నేను ఇదొక్కటే చూశాను. బయటికి రాగానే చెల్లెకు ఫోన్ చేసి, “ప్రతి సీనూ నిజమే, మన ఇల్లే” అన్నాను. తర్వాత నెలరోజులు కనిపించిన వాళ్లందరికీ అదే చెప్పాను.

అమ్మకు చూపించడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఏడుస్తుందేమో, పాత నొప్పులు గుర్తుకొస్తాయేమో అని ఏండ్లు వాయిదా వేశాను. రెండేళ్ల కింద సంక్రాంతికి నల్లగొండ మా ఇంటికి వచ్చినప్పుడు మా బిడ్డనే టీవీలో పెట్టేసింది. అమ్మ మొదట గోడ పక్కన కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసింది. ఆసు సీను వచ్చింది. చిక్కుడుకాయలు పక్కకు పెట్టి, కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుంది. “మళ్లీ పెట్టు బిడ్డా” అంది. పెట్టాను. ఇంకోసారి పెట్టమంది. మూడోసారి నేను తెర వైపు చూడలేదు, అమ్మ ఒడి వైపు చూశాను. కుడిచేతి చూపుడువేలు కొంచెం వంగి, దారం దాని మీదుగా పోతున్నట్టే మెల్లగా కదులుతోంది. ఆ వేలు పక్కన దారం ఒరుసుకుని పడిన గీత ఇప్పటికీ ఉంది. పెదవులు కూడా కదులుతున్నాయి, లెక్కపెడుతోంది.

ఏడవలేదు. “మంచిగనే చేసింది పిల్ల. కానీ చెయ్యి మొత్తం తిప్పుతున్నది. గట్ల తిప్పితే మాపటిదాకా ఉండలేం. మణికట్టుతోని కొట్టాలె, భుజాన్ని ఊకుంచాలె. అయినా చివరికి నొచ్చేది భుజమే” అంది. తర్వాత మా బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు కుర్చీల మధ్య ఊలు దారం పెట్టి ఎట్లా పోయాలో చూపించింది. సినిమా సగంలో ఆగిపోయింది. అమ్మ పనిని ఒకరు అడిగి నేర్చుకోవడం నేను చూడటం అదే మొదలు. నా చిన్నప్పుడు నేను ఒక్కరోజూ అడగలేదు.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, “ఆ పిలగాని మిషన్ తిరిగిందా?” అని అడిగింది. తిరిగిందన్నాను. “మనూరికి ఇంకొన్నేండ్లు ముందే వస్తే బాగుండు” అంది.

ఆ రోజు నుంచి ‘ప్రతి సీనూ నిజమే’ అన్న నా మాటను కొంచెం తగ్గించుకున్నాను. చెయ్యి కదిలే తీరులో అమ్మ పట్టుకున్న తేడా నాకు అన్నేండ్లు కనిపించలేదు. మిషన్ తిరగడంతో సినిమా ఆనందంగా ముగుస్తుంది, అది న్యాయమే. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గితే సంతోషం కాక మరేముంటుంది. కానీ మా ఇంట్లో మిషన్ కొనలేదు. ఊళ్లో మిషన్ ఉన్నవాళ్లకు కూలి ఇచ్చి పోయించుకున్నాం, అదీ అమ్మ భుజం పూర్తిగా పట్టేసిన తర్వాత. ఆ నొప్పి ఇప్పటికీ చలికాలంలో లేస్తుంది. ఇంకో మాట, మిషన్ కోసం తంటాలు పడే భాగం ఇప్పుడు చూస్తే నాకు సాగినట్టనిపిస్తుంది. నాలుగోసారి నుంచి అక్కడక్కడా ముందుకు జరుపుతున్నాను. ఆసు సీన్లు మాత్రం ఒక్కసారి కూడా జరపలేదు.

చూడమనే అంటాను. అయితే నేను ఆసు ఇంట్లో పుట్టినవాణ్ని, నా కంటికి కనిపించేది అందరికీ అదే బరువుతో కనిపిస్తుందని చెప్పలేను. చేనేతతో సంబంధం లేని మా ఆఫీసు మిత్రుడికి “మంచి సినిమానే, కొంచెం నిదానం” అనిపించింది. అతని మాట కూడా తప్పు కాదు. ఇంట్లో ఎవరైనా ఆసు పోసిన పెద్దమనిషి ఉంటే మాత్రం ఒంటరిగా చూడొద్దు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోన్‌లో అసలే వద్దు. దారం సన్నగా ఉంటుంది, చిన్న తెరలో ఆనదు. అమ్మ కుర్చీ జరుపుకున్నది కూడా అందుకే.